మా బావా, ఎదురు షెడ్డు ఆవిరావిడా

మా బావకి లోకంలో దేనిమీదా అసూయ లేదు, ఒక్కదాని మీద తప్ప. పక్కింటివాడు మేడ మీద మేడ వేసినా, సొంత తమ్ముడు కొత్త కారు కొన్నా, చిన్నప్పుడు పక్కన కూర్చుని కాపీ కొట్టినవాడు పెద్ద ఆఫీసరై కనపడినా "బావుంది బావుంది, చల్లగా ఉండండి" అంటాడు. ఆ అనడంలో కల్మషం ఉండదు. కానీ కారులో కాళ్ల కింద పరిచే మ్యాట్ మీది మరకని తను కాకుండా ఇంకెవరో తీశారని తెలిసిందా, ఆ పూటకి మనిషి మనిషి కాదు. మొహం మాడ్చుకుంటాడు. భోజనం మానేస్తాడు. పలకరిస్తే "మాకెందుకులెండి, చేతనైనవాళ్లు చాలామంది ఉన్నారుగా" అంటాడు.

బావంటే మా అక్క మొగుడు. మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని కార్ల లోపలి కార్పెట్లూ మ్యాట్లూ శుభ్రం చేస్తాడు. కారు పైభాగం ముట్టుకోడు. "పైన తుడవడం బట్టతల తుడిచినంత సుఖం. ఎవరైనా చేస్తారు. అసలు కథంతా పాదాల కింద ఉంటుంది" అంటాడు. షెడ్డు నిండా తీగలు కట్టి ఉంటాయి, వాటిమీద తడి మ్యాట్లు వేలాడుతుంటాయి. నాది పక్కనే సీటు కవర్ల దుకాణం. మా ఇద్దరికీ మధ్య ఒక్క రేకు గోడ. అక్కడ బావ నిట్టూర్చితే ఇక్కడ నా కుట్టు మిషను ఆగిపోతుంది.

ఒకసారి పళ్ల డాక్టరమ్మ కారు తెచ్చింది. బావ తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, మ్యాట్ పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అవి ఎర్రగా ఉన్నాయి.

"డాక్టరమ్మా, దీనిమీద ఎవరో చెయ్యి చేసుకున్నారు."

"అదా? కాఫీ ఒలికితే మావారు ఏదో రుద్దారండీ."

"రుద్దారా!" అని బావ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "కాఫీని ఎవరైనా రుద్దుతారా తల్లీ? చల్లటి నీళ్లతో తడిపి, పొడిగుడ్డతో అద్దాలి. అద్ది అద్ది బయటికి పిలవాలి. రుద్దితే అది లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. అయినా ఆయనకి అంత సరదాగా ఉంటే రేపట్నించి ఆయన్ని ఇక్కడ కూర్చోమనండి. నేను మీ క్లినిక్కి వెళ్లి పళ్లు పీకుతాను."

డాక్టరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్లిపోయింది. బావ మాత్రం సాయంత్రం దాకా ఆ మ్యాట్‌తో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకోసారి ఒక పెద్దమనిషి కారు అద్దం దించి మరిచిపోయి నిద్రపోయాడు. తెల్లారి చూస్తే జోరువానకి మ్యాట్ మీది బురదంతా కొట్టుకుపోయి ఉంది. ఆయన సంతోషంగా ఆ సంగతి చెప్పుకున్నాడు. బావ మొహం నల్లబడింది. "వానకేం తెలుసండీ? పైపైన కడిగేసి, ఇసకంతా అడుగున దాచేసి వెళ్లిపోతుంది. బాధ్యత ఉందా దానికి?" అన్నాడు. ఆ ఏడు వానాకాలమంతా ఆకాశం వంక దాయాదిని చూసినట్టు చూశాడు.

ఇల్లయినా ఈ గొడవకి అతీతం కాదు. మా అక్క ఒకసారి సొంత కారు మ్యాట్ మీద నూనె ఒలకబోసి, మొహానికి రాసుకునే పౌడరు చల్లి, కాసేపాగి దులిపేసింది. మరక మాయమైంది. మొగుడు మెచ్చుకుంటాడని ఎదురుచూసింది పిచ్చిది.

"నేను బతికే ఉన్నానుగా!" అన్నాడు బావ.

"మీకెందుకు శ్రమ అనీ..."

"శ్రమా! నాకు చెప్పకుండా, నేను లేనప్పుడు, నా వెనకాల!"

"ఎవరితోనో సినిమాకి వెళ్లొచ్చినట్టు మాట్లాడతారేంటండీ!"

"సినిమాకే వెళ్లొచ్చుంటే క్షమించేవాణ్ణి."

అక్క ఊరుకునే రకం కాదు. "నా కొత్త శాలువా మీద కాఫీ పడితే అది నా శాఖ కాదన్నారు. ఎవరో బూట్లు పెట్టుకునే గుడ్డని మాత్రం పసిపిల్లలా ఒళ్లో వేసుకుంటారు. నా వంక ఎప్పుడైనా అంత ప్రేమగా చూశారా?" అంది. అప్పుడు నాకు తెలిసింది, ఆ ఇంట్లో కుళ్లుకునేది ఒక్కరు కాదు, ఇద్దరని. ఆయనకి మరకల మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. ఆవిడకి ఆయన చెయ్యి మరకల మీద పడకూడదు.

ఇలా సాగుతుండగా రోడ్డుకి అవతల, సరిగ్గా బావ షెడ్డుకి ఎదురుగా, ఇంకో షెడ్డు వెలిసింది. అదీ కార్పెట్లూ మ్యాట్లూ శుభ్రం చేసేదే. పెట్టింది ఒకావిడ. బస్సు డిపోలో చాలాకాలం బస్సుల లోపల కడిగే పని చేసిందట. డిపో మూతపడితే, చేతికొచ్చినదంతా పెట్టి ఒక ఆవిరి మిషను కొనుక్కుంది. పొడుగాటి గొట్టం, మీట నొక్కితే చివర్నించి బుస్సుమని ఆవిరి. బావ ఆవిడకి ఆ రోజే పేరు పెట్టేశాడు: ఆవిరావిడ.

"ఒరేయ్ బామ్మర్దీ, అది మరక తియ్యడమట్రా? మరకని ఉడకబెట్టడం!"

అనడం అయితే అన్నాడు గానీ, బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, అటువైపే చూస్తూ ఉండిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మ్యాట్లు తడిపి వదిలేసి మరీ చూస్తున్నాడు. ఈ కబురు ఎలా చేరిందో అక్కకి చేరింది. నాకు ఫోను.

"మీ బావ రోజంతా ఎవరినో చూస్తూ కూర్చుంటున్నారటగా?"

"ఆవిణ్ణి కాదక్కా, ఆవిడ కడిగే మ్యాట్‌ని."

"ఎలా ఉంటుంది?"

"నల్లగా, చుట్టూ అంచు కుట్టేసి..."

"మ్యాట్ కాదురా వెధవా, ఆవిడ!"

తర్వాత బావ కుళ్లు కొత్త దారి పట్టింది. మ్యాట్ చేతికి రాగానే వాసన చూసి, "ఆవిరి!" అని కేకపెట్టడం, వచ్చినవాళ్లని తరిమెయ్యడం. లెక్కల మాస్టారు ఎప్పట్నించో బావ దగ్గరికే వస్తున్నాడు. బావ ఆయన కారులోంచి మ్యాట్ తీసి నడిరోడ్డు మీద జెండాలా ఊపాడు. "ఆవిరి వాసన! నాకు తెలియకుండా అక్కడికెళ్లారన్నమాట! అక్కడే బావుంటే అక్కడికే పొండి! ఇంకెప్పుడూ నా గడప తొక్కకండి!" మాస్టారు తలవంచుకుని కారు అటు తిప్పాడు. అవతల ఆవిరావిడ గొట్టం పట్టుకుని, గెలిచిన సైనికుడిలా నిలబడి ఉంది.

రోడ్డు మీద ఇదొక వినోదమైపోయింది. బావ గొంతు లేస్తే చాలు, టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. బేరమంతా కళ్లముందే రోడ్డు దాటి వెళ్లిపోతోంది.

పరాకాష్ఠ టాక్సీ కంపెనీ మేనేజరుది. ఆయన కార్లు వరసగా తెచ్చి షెడ్డు ముందు ఆపించాడు. ఏడాదంతా పని దొరికినట్టే. నేను గోడ పక్కన నిలబడి లోలోపల గంతులేస్తున్నాను. బావ మొదటి కారు మ్యాట్ వాసన చూశాడు.

"ఆవిరి!"

"అయ్యా, మేం అటువైపు ఎప్పుడూ వెళ్లలేదండీ" అన్నాడు మేనేజరు.

"వెళ్లకపోతేనేం? వెళ్లాలని మనసులో ఉంది! మనసులో ఉన్నదానికీ వాసనుంటుంది! పొండి!"

కార్లన్నీ వరసగా వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, ఆవిరావిడ ముందు ఆగాయి. ఆ సాయంత్రం అక్క షెడ్డుకే వచ్చి దులిపేసింది. "కుళ్లుకి ఒక హద్దుండాలి! ఒకావిడ మీద ఏడ్చి ఏడ్చి ఉన్న పని పోగొట్టుకుంటారా? లేక ఆవిడ ముందు గొంతు చూపించుకోవాలని సరదానా?" బావ బ్రష్షులో ఇరుక్కున్న పీచు ఏరుకుంటూ కూర్చున్నాడు.

కొన్నాళ్లకి ఆ మేనేజరు సీటు కవర్ల కోసం నా దుకాణానికి వచ్చాడు. కొలతలయ్యాక గొంతు తగ్గించి, "మీ బావగారు మళ్లీ ఎప్పుడు తిడతారండీ? ఇంకొన్ని కార్లున్నాయి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "తిట్టడమేంటి?"

"అదేనండీ, మొన్నటిలాగ. ముందురోజే ఫోన్ చేసి చెప్పారుగా. రండి, నేను తిడతాను, తిట్లు కాస్త గట్టిగానే ఉంటాయి, ఏమీ అనుకోకండి, తర్వాత ఎదురుగా వెళ్లి కార్లన్నీ ఆవిడకి ఇవ్వండి అన్నారు. మాస్టారికీ అలాగే చెప్పారట. పాపం, ఆయనకి తలవంచుకోవడం ఎలాగో రెండుసార్లు చేసి చూపించారట కూడా."

కొలతల టేపు అక్కడే పడేసి రేకు గోడ చుట్టూ తిరిగి బావ దగ్గరికెళ్లాను. ఏదో కార్పెట్‌కి అంటుకున్న చూయింగ్ గమ్ మీద మంచుముక్క పెట్టి, అది గట్టిపడేదాకా కాచుకుని ఉన్నాడు.

"బావా, మేనేజరు అంతా చెప్పేశాడు."

మంచుముక్క జారి కింద పడింది. బావ అటూ ఇటూ చూశాడు. "మెల్లగా మాట్లాడరా."

"ఎందుకు చేస్తున్నావిదంతా?"

కింద పడ్డ మంచుముక్క తీసి తుడిచాడు. తర్వాత చెప్పాడు. "షెడ్డు తెరిచిన కొత్తలో ఆవిడ దగ్గరికి ఎవరూ రాలేదురా. అయినా రోజూ మ్యాట్ కడుగుతూనే ఉండేది. నేను చూస్తూనే ఉన్నానుగా. ఆ మ్యాట్‌కి ఎడమ మూల కాలిన మచ్చ ఉంది. రోజూ అదే మ్యాట్. పొద్దున్నే తనే దానిమీద టీ పోసుకునేది. తనే కడిగేది. దారినపోయేవాళ్లు పనుందనుకోవాలని."

ఎదురు దుకాణం వాళ్లం, అందరం చూశాం. మ్యాట్‌ని చూసింది మాత్రం ఈయనొక్కడే.

"అయితే మర్యాదగా పంపొచ్చుగా? ఈ కేకలెందుకు?"

"డిపో అంతటినీ ఒంటిచేత్తో కడిగిన మనిషిరా. జాలిపడి పంపానని తెలిస్తే పుచ్చుకుంటుందా? మిషను అమ్మేసుకుని పోతుంది. నా దగ్గర్నించి లాక్కున్నాననుకుంటే దర్జాగా ఉంటుంది. ఎలా నిలబడుతోందో చూశావా గొట్టం పట్టుకుని?"

"మరైతే ఈ కుళ్లంతా నాటకమా బావా?"

ఆ మాటకి నిజంగా కోపమొచ్చింది ఆయనకి. "నాటకమా? ఎవడన్నాడు? మాస్టారి కారులో వెనక సీటు కింద బూజు మరక ఉండేది, గుర్తుందా? నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా పోలేదు. ఆవిడ తీసేసింది! ఆనవాలు కూడా లేదు! మాస్టారు తెచ్చి చూపించాడు. కడుపు మండిపోతోందిరా నాకు. మూడు రాత్రులు నిద్ర లేదు. పని పంపిస్తున్నాను గానీ, ఒక్కో కారూ అటు తిరుగుతుంటే ప్రాణం గిలగిల్లాడుతోంది. ఈ సంగతి మీ అక్కకి చెప్పావో..."

చెప్పకుండా ఎలా ఉంటాను? అదే రోజు చెప్పేశాను. అక్క వింటున్నంతసేపూ చేతిలో చెంచా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మెచ్చుకోలేదు, ఏడవలేదు. "ఈ మనిషికి మంచి పని కూడా తిన్నగా చెయ్యడం రాదు" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్న అక్క చక్కగా తయారై మా రోడ్డుకి వచ్చింది. బావ వంక కన్నెత్తైనా చూడకుండా, సొంత కారుని ఆవిరావిడ షెడ్డులో ఆపింది. దిగి మ్యాట్లు తనే తీసి ఇచ్చింది. బావ బకెట్టు మీద నుంచి సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు.

"మా కారురా! మా సొంత కారు!"

"ఊరుకో బావా. జనం చూస్తున్నారు."

అవతల ఆవిరి బుస్సుమంది. తర్వాత ఆగింది. మ్యాట్లు తీగ మీద ఆరుతున్నాయి. ఆడవాళ్లిద్దరూ చెరో స్టూలూ లాక్కుని, మోకాళ్లు ఆనేంత దగ్గరగా కూర్చుని మాటల్లో పడ్డారు. ఆవిరావిడ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అక్క పడీపడీ నవ్వుతోంది. ఒకసారి ఇద్దరూ కలిసి ఇటు చూశారు. మళ్లీ నవ్వు. మ్యాట్లు ఎప్పుడో ఆరిపోయాయి, అయినా ఎవరూ లేవడం లేదు.

ఇంతసేపూ బావ మ్యాట్ల వంక చూడలేదు. చూపంతా ఆ రెండు స్టూళ్ల మీదే ఉంది. మొహం మెల్లమెల్లగా మాడిపోతోంది.

"ఒరేయ్ బామ్మర్దీ" అన్నాడు చివరికి, "మీ అక్క ఇన్నేళ్లలో నాతో ఒక్కసారైనా అంతసేపు నవ్వుతూ మాట్లాడిందిరా?"