యూరోల మెసేజ్‌కు నేను పెట్టిన పరీక్ష

మా ఖాతాదారు దగ్గర ఇంత డబ్బుంది అని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్ పద్ధతి ప్రకారం ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఓ అద్దాల బిల్డింగ్ తొమ్మిదో అంతస్తులో పదకొండేళ్లుగా అదే పని. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాబట్టి అన్నీ ఉత్తుత్తివే: మేం పరీక్షించే బ్యాంకులు నిజంగా లేవు, ఖాతాదారులు లేరు, డబ్బు అసలే లేదు. పొద్దున టీ తాగేలోపు ఎవరో ఒకరికి వెయ్యి కోట్లున్నాయని ధ్రువీకరించి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం ధర పెంచారని గొడవపడుతుంటాను.

మాది అనంతపురం వైపు. ఇక్కడ మూసాపేటలో అద్దెకుంటాను. మా ఇంటి ఓనరు అంకుల్‌కు బాలానగర్‌లో లేత్ షెడ్డు ఉంది. నాలుగు మెషీన్లు, ఆరుగురు పనివాళ్లు, రోడ్డు పక్కన మూడొందల గజాల జాగా. మేమున్న మూడంతస్తుల ఇల్లు ఆ షెడ్డు సంపాదించి పెట్టిందే. ఆయన పదో తరగతి తప్పారు. బ్యాంకు మెసేజ్‌లు చూసే మనిషినని నేనంటే ఆయనకు గౌరవం. నిజం చెప్పాలంటే ఆ గౌరవం నాకు బాగా రుచించేది.

ఒక సోమవారం సాయంత్రం ఆయన ప్లాస్టిక్ కవర్లో ఓ కాగితం పెట్టుకుని పైకొచ్చారు.

"నువ్వు బ్యాంకు మెసేజ్‌ల పనే జేస్తవంటివి గద బిడ్డా. గిది జర చూసి చెప్పు."

కొండాపూర్‌లో ఆఫీసున్న ఒక మధ్యవర్తి ఇచ్చాడట. యూరప్ కంపెనీ ఒకటి ఆ షెడ్డు జాగాలో ఫ్యాక్టరీ కడుతుందట. డబ్బు వాళ్లది, జాగా ఈయనది. వాళ్ల ఖాతాలో యాభై మిలియన్ యూరోలున్నాయని వాళ్ల బ్యాంకు ఇక్కడి బ్యాంకుకు పంపిన మెసేజ్ నకలు ఇది. ఇది నిజమైతే శుక్రవారం ఆయన ఆ మధ్యవర్తి పేర జీపీఏ రాసివ్వాలి. అంటే షెడ్డును అమ్ముకునే హక్కుతో సహా అన్ని అధికారాలూ అతని చేతికి పోతాయి.

మూడొందల గజాల్లో యాభై మిలియన్ యూరోలతో ఏం కడతారని అడగాల్సింది. నేను వరసలో అక్షరాలు లెక్కపెట్టాను.

"ఇది తప్పు అంకుల్. వరసకు యాభై అక్షరాలు దాటకూడదు. ఇక్కడ యాభై మూడున్నాయి."

ఆ మాట మధ్యవర్తికి చెప్పి, మంగళవారం ఆయన కొత్త నకలు తెచ్చారు. వరసలన్నీ యాభై లోపే ఉన్నాయి. ఈసారి బ్యాంకు కోడ్‌లో ఒక అక్షరం తక్కువుందని పట్టుకున్నాను. బుధవారానికి ఆ అక్షరం వచ్చి చేరింది. తేదీలో ముందు సంవత్సరం రావాలి, వీళ్లు రోజు ముందు వేశారన్నాను. గురువారం కాఫీ పెట్టుకునేసరికి తేదీ కూడా దారికొచ్చింది. మా ఆఫీసులో ఒక తప్పు చూపిస్తే డెవలపర్లు అది తప్పే కాదని వారం వాదిస్తారు, ఇంకో రెండు వారాలకు దిద్దుతారు. ఇక్కడ ఎవరో చెప్పింది చెప్పినట్టు, రాత్రికి రాత్రి చేసి పంపుతున్నారు. ఆ ఎవరో మా టీమ్‌లో ఉంటే ఎంత బాగుండేదనిపించింది.

"ఇగ తప్పుల్లేవా?" అన్నారు అంకుల్.

ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా చూశాను. వెతికినా దొరకలేదు.

"లేవు అంకుల్. సరిగ్గా ఉంది."

"అయితే రేపు సాక్షి సంతకం నువ్వే పెట్టు బిడ్డా. నీకు తెలిసినంత ఎవలకు తెలుస్తది?"

పొంగిపోయి సగం రోజు సెలవు పెట్టాను.

శుక్రవారం రిజిస్ట్రార్ ఆఫీసు బయట, డాక్యుమెంట్ రైటర్ బల్ల దగ్గర కలిశాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మధ్యవర్తి అంకుల్‌ను దాటుకుని నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్ మీరేనాండి? మీరు చెప్పిన కరెక్షన్లు చాలా ఉపయోగపడ్డాయండి. మా కుర్రాడికి ఆ తేదీ సంగతి తెలియదండి. ఇంకో రెండు మెసేజ్‌లున్నాయి, వీలైతే చూసి పెడతారా? ఊరికే వద్దులెండి."

నాకింకా వెలగలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదట మనసులో కదిలింది సంతోషమే. నా పనిని ఒకరు మెచ్చుకున్నారు.

అంకుల్ అప్పటికే పెన్ను తీసి మొదటి కాగితం మీదికి వంగి ఉన్నారు. వంగినవారు అలాగే ఆగిపోయారు. తర్వాత పెన్నుకు మూత పెట్టి నన్ను పిలిచారు.

"బిడ్డా, గిది ఆ దేశంల బ్యాంకోడు పంపిండన్నరు గద?"

"అవును అంకుల్."

"మరి నువ్వు మూసాపేటల చెప్పిన తప్పు కొండాపూర్ల ఈయన పోరడు ఎట్ల దిద్దిండు?"

బ్యాంకు నుంచి ఒకసారి వెళ్లిన మెసేజ్‌ను ఎవరూ దిద్దలేరు. దిద్దగలిగారంటే అది బ్యాంకు నుంచి రాలేదు. మా ఆఫీసులో మొదటి వారం పిల్లలకు నేనే చెప్పే పాఠం అది. మంగళవారమే నాకు తట్టాల్సింది. తప్పు దిద్దుకుని వచ్చిందన్న మురిపెంలో నాకు ఇంకేమీ కనబడలేదు.

మధ్యవర్తి ఏదో సర్దిచెప్పబోయాడు. అంకుల్ అతని మాట వినలేదు, అసలు అతని వైపు చూడనే లేదు. షెడ్డు కాగితాలు సంచిలో పెట్టుకున్నారు. షెడ్డు మిగిలిందని నా గుండె కుదుటపడింది. అది ఒక్క క్షణమే. ఆయన స్కూటర్ దగ్గర ఆగి, చుట్టుపక్కల వినబడకుండా గొంతు తగ్గించి అడిగారు.

"నాలుగు దినాల సంది నువ్వు దిద్దుతున్నవ్, ఆయన మారుస్తున్నడు. నిజం చెప్పు బిడ్డా, నీకు ఎంతిస్తనన్నడు?"