ఎక్స్‌రే గదిలో నాగలక్ష్మమ్మ

నాగలక్ష్మమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టింది. నాయన శ్రీరంగప్ప పట్టుచీరలు నేసేవాడు. ముగ్గురు ఆడపిల్లల్లో పెద్దదైన ఈమెకు మాత్రం మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి. పదో తరగతి పాసయ్యాక కదిరిలో ఒక చిన్న ఆసుపత్రిలో సాయానికి చేరింది. అక్కడి డాక్టరు జయరాముడు అప్పుడే ఎక్స్‌రే యంత్రం తెప్పించాడు. మగమనిషి ముందు రవిక విప్పమంటే ఆడవాళ్ళు ఇంటిదారి పడతారని, ఆ పని ఒక ఆడమనిషికే నేర్పించాలని ఆయన పట్టుబట్టాడు. నాగలక్ష్మమ్మను కర్నూలుకు పంపి ఏడాదిపాటు శిక్షణ ఇప్పించాడు.

“ఎముకల పోటోలు తీసే పిల్లను ఎవుడు చేసుకుంటాడమ్మా,” అని శ్రీరంగప్ప దిగులుపడ్డాడు.

చేసుకునేవాడు దొరికాడు. కదిరి రైల్వేస్టేషన్లో పనిచేసే నారాయణ. పెళ్ళిచూపుల్లో అతను అడిగింది ఒకటే, ఆ మిషన్ షాకు కొడుతుందా అని. కొట్టదని చెప్పాక అతనికి ఇంకే అభ్యంతరమూ లేకపోయింది.

అది 1975. కర్నూలులో నేర్పిన మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. రోగి ఎవరైనా సరే, “శ్వాస బాగా తీసుకుని ఆపండి, కదలకండి” అని అదే వరసలో, అదే గొంతుతో చెప్పేది. మాటలు సరిగ్గా చెబితే పని సరిగ్గా జరుగుతుందని ఆమె నమ్మకం.

ఆ చలికాలంలో నల్లమాడ వైపు నుంచి తిప్పమ్మ అనే ముసలావిడ వచ్చింది. చేన్లో పనిచేసే మనిషి, ఎంతకూ తగ్గని దగ్గు. నాగలక్ష్మమ్మ ఆమెను ఫిల్ము పలకకు ఆనించి నిలబెట్టి, చెప్పాల్సింది చెప్పి, అద్దం బిగించిన అడ్డుతెర వెనక్కు పోయి మీట నొక్కింది. ఫిల్ము కడిగి చూస్తే పక్కటెముకలు పొగ పట్టినట్టు మసగ్గా వచ్చాయి. ఊపిరి ఆపలేదు. మళ్ళీ చెప్పింది. తిప్పమ్మ తల ఊపింది. రెండో ఫిల్మూ అంతే.

మూడోసారి తీయడానికి నాగలక్ష్మమ్మకు మనసొప్పలేదు. ఫిల్ము పోతే పోయింది, ఆ ముసలామె ఒంటిమీద కిరణాలు ఊరికే పడుతున్నాయి. లైటు వేసి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

“అవ్వా, నేను చెప్పేది నీకు తెలుస్తాండాదా?”

తిప్పమ్మ కొంగు సర్దుకుంది. “తెలీలేదు పాపా. సోస అంటే ఏందో. అడిగితే అరుస్తావేమోనని తల ఊపినా.”

నాగలక్ష్మమ్మ ముఖం వేడెక్కింది. తను అరవలేదు, నిజమే. కానీ అడగడానికి వీలున్న ముఖం కూడా పెట్టలేదు.

“అరవనులే అవ్వా. నీళ్ళ బిందె నెత్తికెత్తుకునేటప్పుడు ఏం చేస్తావు, సూపించు.”

తిప్పమ్మ లేచి నిలబడి, లేని బిందెను రెండు చేతులా పట్టి, గట్టిగా గాలి పీల్చి బిగబట్టి పైకెత్తింది.

“అదే. ఆ పలక కాడ నేను ‘బిందె ఎత్తు’ అన్నప్పుడు అట్లే దమ్ము బిగబట్టల్ల. ‘దించు’ అన్నప్పుడు వదలల్ల. చేతులు ఎత్తేపని లేదు.”

“సరేగానీ పాపా, నన్నొక్కదాన్నే ఈడ ఇడిసిపెట్టి నువ్వెందుకు ఆ సాటుకు పోతాండావు? దీంట్లోంచి ఏమన్నా వస్తాదా?”

ఈ ప్రశ్నకు కర్నూలులో నేర్పిన జవాబు ఏదీ ఆమెకు గుర్తురాలేదు. తోచింది చెప్పింది. “దీంట్లోంచి కంటికి కనపడని ఎలుతురు వస్తాది. నీకు ఎప్పుడో ఒకసారి గదా, ఏం భయం లేదు. నేను దినామూ ఈడే ఉంటా, రోజూ పడితే నాకు మంచిది కాదు. ఆ అద్దంలోంచి నిన్నే సూస్తాంటా. పలక సల్లగా తగులుతాది. మిసను గుర్రుమంటాది. అంతకు మించి ఏమీ ఉండదు.”

“ఇది ముందే చెప్పింటే సరిపోయేది గదా,” అంది తిప్పమ్మ.

ఈసారి ఫిల్ము శుభ్రంగా వచ్చింది. ఊపిరితిత్తిలో ఎక్కడ మచ్చ ఉందో డాక్టరుకు తెలిసింది. మందులు వాడి తిప్పమ్మ తేరుకుంది. ఆరోజు నుంచి నాగలక్ష్మమ్మ తల ఊపడాన్ని ఒప్పుకోవడం మానేసింది. ‘నేనేం చెప్పినానో నువ్వొకసారి చెప్పు’ అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. అయినా అడిగేది.

నాలుగేళ్ళ తరవాత బయమ్మ వచ్చింది. ఇరవై కూడా నిండని కోడలు. మిద్దె మెట్ల మీంచి జారి నడుం పట్టేసింది. వెంట అత్త ఓబులమ్మ. వాళ్ళది ఊళ్ళో పేరున్న రైతు కుటుంబం, ఓబులమ్మ మాటకు ఇంట్లో ఎదురులేదు. డాక్టరు నడుముకు ఎక్స్‌రే రాశాడు.

పొట్ట దగ్గర తీసే ఎక్స్‌రేకు ముందు ఆడవాళ్ళను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నెల తప్పిందా అని. నాగలక్ష్మమ్మ అడిగింది. జవాబు ఓబులమ్మ చెప్పింది.

“పెండ్లయ్యి రెండేండ్లాయ. అట్లాంటిదేమీ లేదు. తీయమ్మా, బస్సుకు టైమవుతాండాది.”

బయమ్మ నేల చూస్తూ నిలబడింది. పేరు అడిగినా అత్తే చెప్పింది, నొప్పి ఎక్కడని అడిగినా అత్తే చెప్పింది.

“మిసను ఏసేటప్పుడు లోపల ఒకరే ఉండల్లమ్మా. మీరు బయట బెంచీమీద కూచోండి,” అంది నాగలక్ష్మమ్మ. అది గది నియమమే కాబట్టి ఓబులమ్మ లేచి పోయింది.

తలుపు మూశాక వెంటనే ఏమీ అడగలేదు. బయమ్మను మెల్లగా బల్లమీద పడుకోబెట్టి, నడుం కింద దిండు సర్ది, నొప్పి తగ్గిందా అని కనుక్కుంది. తరవాత తనూ కూర్చుని చెప్పింది. “కడుపులో బిడ్డ ఉంటే ఈ ఎలుతురు దానికి మంచిది కాదు. అందుకే అడిగినా. ఈ గదిలో చెప్పింది నాకూ డాక్టరుకూ తప్ప ఇంకెవరికీ పోదు.”

బయమ్మ కళ్ళు మూసుకుంది. “నెల తప్పినాదక్కా. పోయినసారి అందరికీ చెప్పినాక మూడో నెల్లో పోయినాది. ఊరంతా అడిగినారు. అందుకే ఈసారి నిలబడేదాకా నోరు తెరవకూడదనుకున్నా.”

నాగలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “డాక్టరుకు చెప్పక తప్పదు. మీ అత్తకు చెప్పేది నీ ఇష్టం.”

జయరాముడు వచ్చి, కాళ్ళు ఎత్తించి, వెన్ను తడిమి, ఎముక విరిగినట్టు లేదని తేల్చాడు. పడక మీద విశ్రాంతి చాలన్నాడు. ఓబులమ్మకు కోపం వచ్చింది. “ఇంత దూరం వచ్చి పోటో లేకుండా పోవల్నా? పోటో తీయకుండానే డాక్టరుకేం కనపడినాది?”

“డాక్టరు చేత్తో సూసినాడమ్మా. ఇప్పుడు అవసరం లేదన్నాడు. నొప్పి ఎక్కువైతే ఎప్పుడైనా రాండి, నేనుంటా,” అంది నాగలక్ష్మమ్మ. ఓబులమ్మ ఇంకా నాలుగు మాటలన్నది. నాగలక్ష్మమ్మ బయమ్మను చెయ్యి పట్టుకుని మెల్లగా గుమ్మం దాటించింది.

రెండు నెలలకు ఓబులమ్మ ఒక్కతే వచ్చింది, మూటలో కాల్చిన శనక్కాయలు తెచ్చింది.

“మా కోడలు చెప్పినాది. ఆపొద్దు నాతో ఒక మాట అనింటే నేను అంత గొంతు చేసుకోకపోదును గదా.”

“ఆ మాట ఆ పిల్ల చెప్పుకోవాల్సిందమ్మా. నాది కాదు.”

ఓబులమ్మ శనక్కాయల మూట విప్పి బల్లమీద పెట్టింది. పోయేముందు, “ఇప్పుడు నన్ను కూసోబెట్టి మా కోడలే శానా మాట్లాడతాండాది,” అని చెప్పి నవ్వింది. వానలు మొదలైన నెలలో బయమ్మకు ఆడపిల్ల పుట్టింది.

ఎనభైల్లో ఎక్స్‌రే చదువుతున్న పిల్లలు పని చూడ్డానికి ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో గుత్తి పిల్లవాడు ఓబుళేసు చురుకైనవాడు. యంత్రం పని వారంలో పట్టేశాడు. రోగులతో మాత్రం “తిరుగు, ఆను, కదలొద్దు” తప్ప ఇంకో మాట లేదు.

ఒకరోజు నాగలక్ష్మమ్మ అతన్ని చొక్కా విప్పి పలకకు ఆనుకోమంది. లైటు తీసేసి తెర వెనక్కు పోయింది. మీట జోలికి పోలేదు, మాటా లేదు.

కాసేపటికి చీకట్లోంచి ఓబుళేసు గొంతు వినిపించింది. “అక్కా, ఉండావా?”

ఆమె లైటు వేసింది. ఓబుళేసు చొక్కా తొడుక్కుంటూ, “ఏం జరుగుతాదో తెలీక భయమేసిందక్కా,” అన్నాడు. ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అతనే మెల్లగా మారాడు.

అతని శిక్షణ ముగిసే వారంలో ఎర్రన్న అనే గొర్రెల కాపరి వచ్చాడు. పూర్తిగా చెవుడు. బిందె మాట అతనికి పనికిరాదు. నాగలక్ష్మమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఓబుళేసు ఎర్రన్న చేతిని తీసి తన రొమ్ముమీద ఆనించుకున్నాడు. గాలి పీల్చి బిగబట్టి, వేలు ఎత్తి చూపించాడు. వేలు దించుతూ గాలి వదిలాడు. ఇంకోసారి ఇద్దరూ కలిసి చేశారు. మూడోసారి ఎర్రన్న ఒక్కడే చేసి, సరిపోయిందా అన్నట్టు చూశాడు. ఓబుళేసు అద్దం వెనక నిలబడి వేలెత్తాడు.

చీకటిగదిలో ఫిల్మును మందునీళ్ళలో ముంచింది నాగలక్ష్మమ్మే. పక్కటెముకలు ఒక్కొక్కటే, గీత గీసినట్టు తేలుతూ వచ్చాయి. ఆమె దాన్ని ఎర్రలైటు ముందు పట్టుకుని అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూసింది. తరవాత ఆరేసి, చేతులు తుడుచుకుని బయటికొచ్చి, “టీ తాగుదాం రాప్పా ఓబుళేసూ, ఎర్రన్ననూ పిల్చుకొని రా,” అంది.