గడ్డి ఎత్తు తెలిసిన సింహాద్రి

బంగళా మాలి సింహాద్రి గత శుక్రవారం ఉదయం నూతి దగ్గర నీళ్ళు తోడుతూ కూలిపోయాడు. వాచ్‌మన్ పరుగెత్తి వెళ్ళి లేవదీసేసరికే ప్రాణం లేదు. నేను ఆ రోజు ధాన్యం ధరల వార్త కోసం రాజాం వెళ్ళాను. సాయంత్రం బస్సు దిగగానే కిళ్ళీకొట్టు దగ్గర చెప్పారు. అప్పటికి దహనం కూడా అయిపోయింది. ఎన్నో ఏళ్ళుగా పేపరుకు మరణవార్తలు పంపుతున్నవాణ్ణి. పేరు, వయసు, వృత్తి అడిగి నాలుగు పంక్తులు రాయడం చేతికి అలవాటైన పని. ఆ సాయంత్రం మాత్రం ఆ పంక్తులు రాయలేకపోయాను.

నీళ్ళు తోడడం సింహాద్రి పని కాదు. అతని పని గడ్డి. దాన్నుంచి తప్పించి నూతి దగ్గర పెట్టి రెండు నెలలైంది. ఎందుకు తప్పించారో చెప్పాలంటే ముందు ఆ గడ్డి సంగతి చెప్పాలి.

నరసన్నపేట, రాజాం ప్రాంతాల్లో ఉద్యోగం చేసినవాళ్ళలో మా ఊరి ప్రయాణికుల బంగళాలో ఒక పూటైనా బస చెయ్యనివాళ్ళు తక్కువ. వాళ్ళకు గదులు గుర్తుండకపోవచ్చు. మెట్ల ముందున్న పచ్చిక గుర్తుంటుంది. ఎండకు పెంకులా బిగుసుకునే ఎర్రనేల అది. పొలం గట్ల మీద గరిక తీసుకొచ్చి కణుపు కణుపుగా అక్కడ నాటినవాడు సింహాద్రి. కోయడానికి అతనికున్నది దొరలనాటి తోపుడు మిషను. రెండు పక్కలా ఉన్న మరలు తిప్పితే దాని కత్తి పైకీ కిందికీ జరుగుతుంది. ఆ మరల మీద అతను ఇంకొకరిని చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఖాళీ అగ్గిపెట్టె ఉండేది. చుట్ట అలవాటు లేదు. అది కొలబద్ద. వానల్లో అగ్గిపెట్టెను పొడుగాటి పక్క మీద నిలబెట్టి అంత ఎత్తున కోసేవాడు. ఎండలు ముదిరితే నిలువునా పెట్టేవాడు. చెట్ల నీడలో ఉన్న గడ్డికి ఏడాది పొడుగునా నిలువు కొలతే. పడుకోబెట్టి కొలిచింది నేను ఎన్నడూ చూడలేదు. బసకు వచ్చిన ఒక పెద్దమనిషి సిగరెట్టుకు నిప్పు అడిగితే వాచ్‌మన్ అందుకున్నాడు: “ఆడిని అడక్కండి బాబూ. అగ్గిపెట్టె ఇమ్మంటే గడ్డి ఎంతుండాలో సెప్తాడు.”

ఒక ఏడాది వారంపాటు ముసురు పట్టి గడ్డి మోకాలి దాకా లేచింది. తెరిపి ఇచ్చాక సింహాద్రి కొడవలితో పైపైన కొసలు తీసి వదిలేశాడు. నాలుగు రోజులాగి మరికాస్త, ఆ తర్వాత మిషనుతో ఇంకాస్త. మూడు వంతుల్లో ఒక వంతుకు మించి ఒక్కసారిగా తీసేవాడు కాదు. ఒకేసారి కోసి పారేస్తే పని తీరిపోతుంది కదా అన్నాను.

“తీరిపోద్ది. గడ్డీ తీరిపోద్ది,” అన్నాడు. “దాని మూతి ఆకులోన ఉంటాది బాబూ. మనం కోసీది మూతినే. మొత్తం కోసీస్తే అదేటి తింటాది?”

భార్య పైడమ్మ అన్నం గిన్నె తెచ్చి అరగంట కూర్చునేది. అతను గడ్డిలో గొంతుక్కూర్చుని మొండి కత్తికి నలిగిన కొసలు ఏరుతుండేవాడు. “సూడండి బాబూ, నా తలకి ఏనాడైనా సుక్క నూనె రాసినాడేటి? దానికి మాత్రం పేలు సూస్తన్నాడు,” అనేది నాతో. సింహాద్రి తలెత్తకుండానే, “నీకు నోరున్నాది, అడుగుతావు. దానికి లేదు కదే,” అనేవాడు.

ఇక నేను రాయవలసింది రాస్తాను. మొన్న వేసవి మొదట్లో ఒక మంత్రిగారు వస్తారన్న కబురు మీద బంగళా ఏర్పాట్లు చూడటానికి వెళ్ళాను. గడ్డి ఎత్తుగా, చింపిరిగా కనిపించింది. ఆ రోజు సింహాద్రి లేడు, కూతురి ఊరు వెళ్ళాడు. నేనెవరినీ అడగలేదు. “మాలి ఉండి కూడా బంగళా ఆవరణలో గడ్డి పెరిగిపోయినది” అని పేపరుకు రాసి పంపాను. అచ్చయింది.

మర్నాటికల్లా ఓవర్సియరు ఆ పేపరు పట్టుకుని వచ్చాడు. ఆ మాటలు వాచ్‌మన్ నాకు తర్వాత చెప్పాడు.

“ఏటిరా సింహాద్రీ, పేపర్లోన ఏసీసినారు. గుండు కొట్టీ.”

“ఏసంగి ఎండల్లోన కొట్టకూడదండి. గడ్డి ఏరు ఎండిపోతాది. వాన పడనీండి, ఎంత కావాలంటే అంత కోస్తాను.”

“మినిస్టరుగోరు వానొచ్చీదాకా ఆగుతారేటి?”

“ఆయనగోరు ఒక్క పూట ఉంటారండి. గడ్డి ఇక్కడే ఉంటాది.”

సింహాద్రి మిషను ముట్టుకోలేదు. ఓవర్సియరు బయటినుంచి కూలీలను పిలిపించి మరలు చివరంటా కిందికి తిప్పించి కోయించాడు. మూడు రోజులు చూడముచ్చటగా ఉంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. మంత్రిగారు వచ్చి వెళ్ళారు. రెండో వారానికి పచ్చికంతా గోధుమరంగుకు తిరిగి, మధ్యలో నేల బయటపడింది. పై అధికారి వచ్చి చూసి ఇదేమిటని అడిగితే ఓవర్సియరు మాలి పేరు చెప్పాడు. మాట విననందుకు ఒకటి, గడ్డి మాడినందుకు ఒకటి, రెండు తప్పులూ సింహాద్రి మీదే పడ్డాయి. నూతి దగ్గరకు పంపారు. సర్వీసు పుస్తకంలో “విధి నిర్వహణలో నిర్లక్ష్యం” అని రాశారు.

సంగతి తెలిశాక నేను వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. చేద దించి, చేతులు తుడుచుకుని, నా మొహం వైపు చూశాడు. కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

“నువ్వు సూసినావు, రాసినావు. అబద్ధం రాయలేదు. నన్ను అడగలేదు, అంతే.” మళ్ళీ చేద అందుకుంటూ అన్నాడు: “ఇంకోపాలి రాయి బాబూ. కోసినోడు నాను కానని రాయి. ఆ గడ్డి నాను మాడ్సినానంటే నాకు అన్నం దిగదు.”

రాస్తానన్నాను. ఏజెన్సీ కొండల్లోని అలజడి వార్తలతో పేపరు నిండిపోతున్న రోజులు. ఇంత చిన్న సంగతికి చోటు ఉండదని నాకు నేనే చెప్పుకుని రోజులు దాటవేశాను. ఈ రెండు నెలలూ సింహాద్రి వంటగదికి నీళ్ళు పోయడమే కాక, తన పని వేళకు ముందూ తర్వాతా బిందెతో నీళ్ళు మోసి మాడిన చోట్ల పోసేవాడట. ఆ పని అతనికెవరూ చెప్పలేదు. శుక్రవారం తోడిన ఆఖరి చేద వంటగదికో గడ్డికో వాచ్‌మన్‌కు తెలియదు.

చదువు లేని మనిషి. అయినా నేను ఎరిగిన విద్వాంసుల్లో అతన్ని లెక్కించకుండా ఉండలేను. నోరులేని ప్రాణికి ఏది ఎంత కావాలో కనిపెట్టి, అంతకు మించి దాని దగ్గర తీసుకోకపోవడం అతని విద్య. అది ఏ ఆఫీసు కాగితంలోనూ లేదు, అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళూ లేరు. అతనికి నా నమస్కారం ఆలస్యంగా అందుతోంది. అందుతుందన్న నమ్మకం కూడా లేకుండా చేస్తున్నాను. కోసినవాడు సింహాద్రి కాడు. మాడ్చినవాడూ కాడు.

పైడమ్మ కోరిక ఒకటే, ఆ “నిర్లక్ష్యం” అన్న మాట కొట్టేయించమని. సోమవారం ఆఫీసుకు వెళ్ళి అడిగాను. గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. ఉద్యోగి స్వయంగా అర్జీ పెట్టుకుంటే పరిశీలించవచ్చునన్నాడు. పోయినవాడి తరఫున ఎవరు పెట్టవచ్చునో నిబంధనల్లో వెతికి చెబుతానన్నాడు. ఈ వ్యాసం పంపేనాటికి ఇంకా చెప్పలేదు.