కొడుకు ఈగ కళ్లు

1998 మే నెల. విశాఖపట్నంలో జన్యుశాస్త్ర విభాగంలో రీడరుగా ఉన్నాను. లెక్చరరుకు పైన, ప్రొఫెసరుకు కింద. మా ఈగల గదిలో ఏసీ కాలిపోయింది. ఉక్కకు పండ్ల ఈగల్లో మగవి గొడ్డుబోతాయి. అందుకని నేనూ, నా పరిశోధక విద్యార్థిని సువార్తా ఈగల గొట్టాలు ఒళ్లో పెట్టుకుని రైల్లో అరకు చేరాం. చల్లగా ఉన్న ఒక అతిథిగృహంలో దిగాం.

వాటిలో ఒక మగ ఈగ సువార్త ఇన్నేళ్ల కష్టం. తెల్లకళ్ల ఈగల గుడ్లలోకి, పెట్టిన కాసేపటికే, సన్నని గాజు సూదితో డీఎన్ఏ ఎక్కించాలి. అందులో కంటికి రంగునిచ్చే జన్యువు ఉంటుంది. దాన్ని మోసేది పీ ఎలిమెంట్, అంటే క్రోమోజోముల మీద చోటు మార్చి గెంతే ముక్క. గెంతించే ఎంజైమును విడిగా, ఒక్కసారే ఇస్తాం. దిగినచోట అది స్థిరపడిపోతుంది. గుడ్లు చాలామటుకు చచ్చాయి. బతికినవాటి సంతానంలో ఈ ఒక్కదానికే నారింజరంగు కళ్లొచ్చాయి. మనిషి పెట్టిన జన్యువు కంట్లో కనబడుతుంటే మళ్లీ మళ్లీ చూశాను. ఇది పిల్లల్ని కనకపోతే అంతా మొదటికొస్తుంది.

దాన్ని తెల్లకళ్ల కన్నె ఈగలతో కలిపి ఉంచాం. సాయంత్రం కాపలాదారు బుద్రు ఆనపబుర్రలో జీలుగు చెట్టు కల్లు తెచ్చాడు. మాకు పోసేముందు వాళ్ల పెద్దల పేరు చెప్పి మా బల్ల పక్కనే నేల మీద కొంచెం ఒంపాడు. అది వాళ్ల ఆచారం. ఆ వాసనకు ఊరి ఈగలు ముసిరాయి. అదే సమయంలో మేత మార్చడానికి సువార్త గొట్టం దూది తీసింది.

తెల్లారి చూస్తే మా మగ ఈగ మేతలో అంటుకుని చచ్చి ఉంది. ఎర్రకళ్ల అరకు మగ ఈగ ఒకటి దర్జాగా తిరుగుతోంది. నాకు ఒళ్లు మండి బుద్రును తిట్టబోయాను.

“ఆయన పెద్దలకి పెట్టుకున్నాడు సార్. దూది తీసింది నేను,” అంది సువార్త. ఆమెది కురుపాం, మిషను బడి పంతులుగారమ్మాయి.

పుట్టబోయేవి ఎవరి పిల్లలు? మా ఈగల పూర్వీకుల్ని ప్రయోగశాలలకు తెచ్చినప్పుడు వాటిలో పీ ఎలిమెంట్ లేదు. తర్వాత ఒక మనిషి జీవితకాలంలోనే అది లోకంలోని అడవి ఈగలన్నిటికీ పాకింది. అరకుకూ వచ్చేసిందన్నమాట! వాటిలో గెంతించే ఎంజైము కూడా ఉంటుంది, అది కలిస్తే మేం పెట్టిన జన్యువు కూడా చోటు కదిలిపోతుంది. ఆ తండ్రి పిల్లలు మాకు పనికిరావు.

తేల్చుకునే దారి ఒకటుంది. ఈగల్లో సహజమైన కంటిరంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, మా తల్లి ఈగలవి తెల్లకళ్లు. కనక అడవి ఈగ కూతుళ్లకు ఎర్రకళ్లు, కొడుకులకు తెల్లకళ్లు. మేం పెట్టిన జన్యువు వేరే క్రోమోజోము మీద దిగి ఉంటే కొడుకుల్లోనూ రంగు పడుతుంది.

రెండో వారంలో పిల్లలు బయటపడ్డాయి. కూతుళ్లు ఎర్రకళ్లతో, కొడుకులు తెల్లకళ్లతో. సువార్త ముఖం పాలిపోయింది. పిల్లలు పుట్టాయా అని రోజూ వచ్చి అడిగే బుద్రు ఆ రోజు గుమ్మంలోనే కూర్చున్నాడు.

మర్నాడు ఆమె మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత లేచి, బుద్రును పిలిచి కూర్చోబెట్టింది. లోపల ఒక మగ ఈగ. నారింజరంగు కళ్లు.

బుద్రు ఊపిరి బిగబట్టి చూశాడు. “సచ్చిపోయినోడు కొడుక్కి కళ్లిచ్చీసినాడు బాబూ,” అన్నాడు. నేనూ చూశాను.

ఆనాటి నుంచి నా విద్యార్థులకు ఒకటే చెప్పాను. ఆశించిన రంగు కనబడగానే పొంగిపోకండి. అది మరో దారిన రాలేని చోట వెతకండి. కూతుళ్లను పక్కన పెట్టి, ముందు కొడుకుల కళ్లు చూడండి.