తోడల్లుడి నూనె తుంపర

మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఉన్న నా లేత్ షెడ్డుకు గిద్దలూరు నుంచి, కొమరోలు నుంచి, అటు కురిచేడు నుంచి కూడా బోరు మోటారు షాఫ్టులు పట్టుకుని మనుషులు వచ్చేవారు. కురిచేడు మాట కొంచెం ఎక్కువైంది. అక్కడి నుంచి వచ్చింది ఒక్కడే, అతనూ ఎవరిదో పెళ్ళికి పోతూ దారిలో ఆగినవాడు. మిగతా ఊళ్ళ మాట నిజం. వాళ్ళంతా మెల్లగా రోడ్డుకు అవతలి పక్కకు మళ్ళుతుంటే నేను లేత్ వెనక నిలబడి చూస్తూ ఉండేవాడిని.

అవతలి షెడ్డు మా తోడల్లుడిది, అంటే నా భార్య చెల్లెలి మొగుడిది. అత్తగారింట పెద్దల్లుడిని నేను. ఆ ఇంట వడ్డన నా ఆకుతో మొదలుకావాలి, తర్వాతే అతనిది. అదొక్కటి తప్ప అన్నిటిలోనూ అతనే ముందున్నాడని నాకు కడుపుమంట.

అతని షెడ్డులో నేల పొడిగా ఉండేది. మీకది పెద్ద సంగతిగా తోచకపోవచ్చు. లేత్ మీద ఇనుము తిరుగుతుంటే టూలు కోసే చోట వేడి పుడుతుంది. అది చల్లారడానికి నూనె కలిపిన తెల్లనీళ్ళు ధారగా పోస్తాం, కూలెంటు అంటాం. చూడ్డానికి పాలే, నాలుగు రోజులు నిలవుంటే మాత్రం చచ్చిన ఎలుక వాసన. ఎండాకాలం తాగే నీళ్ళ కోసం ట్యాంకరు ముందు బిందెలు వరసపెట్టే చోట, నేను డ్రమ్ముల కొద్దీ నీళ్ళను తెల్లగా చేసి వెనక కాలవలోకి వదిలేవాడిని. అతనేమో ఫోనులో ఎవరో చేస్తుంటే చూసి, చిన్న గాలి మిషను తెచ్చి, సన్నని గొట్టంతో వేరుశనగ నూనె తుంపర కొట్టడం మొదలుపెట్టాడు. మంచు పడ్డట్టు పడుతుంది. పొద్దస్తమానం పనిచేసినా టీ గ్లాసుడు నూనె కూడా అయ్యేది కాదట, నీళ్ళ చుక్క అక్కర్లేదు.

ఇంట్లో నా భార్య నా చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, గుడ్డలు ఉతికేటప్పుడు తన చెల్లెలు ముక్కు మూసుకోదని చెప్పేది.

అసూయ ఒక్కటే అయితే భరించేవాడిని, అది నాకు అలవాటే. చేతులు మోసం చేశాయి. వేళ్ళ సందుల్లో మొదట దురద, తర్వాత పగుళ్ళు, ఆ తర్వాత రసి. చర్మం డాక్టరు చూసి, తెల్లనీళ్ళైనా మానాలి, లేత్ అయినా మానాలి అన్నాడు. తొడుగులు వేసుకుందామంటే, ఇనుమును పట్టి తిప్పే చక్కు పక్కన తొడుగు వేసుకున్నవాడి చెయ్యి చెయ్యిగా మిగలదు. లేత్ మానేస్తే నేనెవరిని? రోడ్డుకు ఇవతల కూర్చుని అవతలి షెడ్డు చూసే ముసలాడిని. అది తప్పించుకోవడానికి ఏమైనా చేస్తాననుకున్నాను, అతన్ని అడగడం తప్ప.

అందుకని దొంగచూపులు మొదలుపెట్టాను. టీ వంకతో అతని షెడ్డు ముందు నిలబడేవాడిని. సగం అర్థమయ్యాక, పక్కనున్న పంచరు కొట్టు నుంచి గాలి పైపు లాక్కొచ్చి, నా పాత కూలెంటు కొళాయి ఉన్న చోటే, పైనుంచి, గొట్టం కట్టాను. గాలి పూర్తిగా తిప్పాను. షెడ్డంతా నూనె పొగ. అందులో నాకు నేనే కనపడలేదు. కనపడ్డాను లెండి, కళ్ళు మండాయంతే. రోడ్డు మీద గొర్రెల్ని తోలుకుపోతున్న ఒకాయన ఆగాడు.

"ఏంది పెద్దాయనా, లేత్ ఎత్తేసి బజ్జీల బండి పెట్టినావా?"

ఇంతలో టూలు ముక్కు నీలం తిరిగి మెత్తబడింది. కొమరోలు రైతు షాఫ్టు మీద గీతలు పడ్డాయి. దాని బదులు కొత్త ఇనుముతో ఇంకొకటి చేసిచ్చాను, ఆ పాడు తెల్లనీళ్ళతోనే. చేతులు ఇంకా పగిలాయి.

ఆ తర్వాత అర్ధవీడు పక్కన మా అత్తగారి ఊళ్ళో దేవరకు పొట్టేలు కోశారు. మొదటి ఆకు నాదే. సంగటి, మాంసం పులుసు. చెయ్యి పెట్టగానే పగుళ్ళలోకి కారం దిగి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మా అత్త చూసింది. లోపలికి పోయి చెంచా తెచ్చి నా ఆకు పక్కన పెట్టింది. సంగటిని చెంచాతో తినే మగాడిని ఆ ఇంట అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. పక్కన తోడల్లుడు ముద్ద చేసి, పులుసులో ముంచి, హాయిగా మింగుతున్నాడు. అతని వేళ్ళు చూశాను. పెళ్ళికొడుకు వేళ్ళలా ఉన్నాయి. అతని గిరాకీ మీద, చొక్కా మీద, పొడి నేల మీద నేను ఏడ్చిన ఏడుపంతా ఒకెత్తు, ఆ వేళ్ళ మీద ఏడ్చింది ఒకెత్తు.

అడిగాను. తలెత్తకుండా, సంగటితో మాట్లాడినట్టు అడిగాను.

"తమ్ముడూ, నేనూ నూనె పెట్టినాలే. బ్రహ్మాండంగా ఉండాది. ఊరికే అడుగుతున్నా, నువ్వు గొట్టం యాడ పెట్టినావు?"

"నీ బ్రహ్మాండం చూసినాలే అన్నా. పొగ మా షెడ్డు దాకా వచ్చింది."

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోడానికి ఒక ఆధారం దొరికేది.

"నీళ్ళయితే పైన పోసినా కిందికి కారతాయి. తుంపర అట్ల కారదు. టూలు ముక్కు ఇనుమును తాకే సందు ఉంటది సూడు, కింద నుంచి ఆ సందులోకి కొట్టాల. గాలి తగ్గించాల. రేపొచ్చి పెడతాలే, తిను."

మర్నాడు వచ్చాడు. నేను తెప్పించిన టీ చల్లారేలోపు గొట్టం వంచి, గాలి తగ్గించి, టీ తాగి పోయాడు. లేత్ తిప్పాను. పొగ లేదు, నీళ్ళు లేవు. ఇనుప చుట్టలు పొడిగా, శుభ్రంగా రాలాయి. షాఫ్టు అద్దంలా వచ్చింది. నా చేతులకు ఇక లేత్ దూరం కాదని అప్పుడే తెలిసిపోయింది. సంతోషించాలి కదా. నేను మాత్రం ఆ గొట్టం వంపు చూస్తూ నిలబడ్డాను. నా లేత్ మీద అతని చేతి వంపు ఎందుకుండాలి? నాది అనిపించుకోడానికి వెంట్రుకవాసి అటు తిప్పాను. ఇనుము కీచుమంది. ఇటు తిప్పాను. ఇంకా గట్టిగా కీచుమంది. చివరికి అది ముందు ఎక్కడుందో అక్కడికే తెచ్చి బిగించాను.

ఇప్పుడు చేతులు మానాయి. పని నడుస్తోంది. ఈ ఏర్పాటు ఎవరు చేశారని వచ్చినవాళ్ళు అడిగితే నేనే చేశానంటాను. ఆఖరున బిగించింది నేనేగా. రోడ్డుకు అవతల నుంచి అతను వింటూనే ఉంటాడు, ఏమీ అనడు. ఆ అనకపోవడం కూడా నాకు పడదు.