తమ్ముని వాచ్ చూపిన గల్లీ

చనిపోయిన మా తమ్ముడు సీను పరుగుకు పెట్టుకునే జీపీఎస్ వాచ్‌ను ఈ రోజు పొద్దున మొదటిసారి నేను పెట్టుకున్న. వాడు రోజూ ఉరికిన దారి అందులో ఇంకా ఉంది. దాన్ని పట్టుకొనే ఉరికిన. మా ఇంటికి చాలా దూరంల, పాతబస్తీ గౌలిపురల నేనెన్నడూ చూడని గల్లీలకు తిప్పింది. ఒక బర్రెల కొట్టం ముందు, సీను రోజూ ఆగే చోటు వచ్చిందని బీప్‌మని మోగింది.

లోపల పాలు పిండుతున్న ముసలాయనకు చూపు ఆనదు. ఆ చప్పుడు విన్నడు.

"ఏంరా సీనూ, ఇన్ని దినాలు యాడికి పోయినవ్? నా మీద అలిగినవా?"

"బాపూ, నేను..."

"ష్! నోర్మూయి. బర్రె బెదిరితే పాలియ్యదు, తెల్వదా?"

పిండుడు అయినంక గిలాసల నురుగు పాలు పోసి ఇచ్చిండు.

"గొంతు గిట్లయిందేంది? సర్ది అయిందా?"

"అవును బాపూ" అన్న. తాగిన.

"రేపొస్తవ్ గద?"

"వస్త."

చనిపోయినోని తరఫున మాటిచ్చి వచ్చిన. పోయి నిజం చెప్పాలె. వాచ్ పెట్టుకొని పోతే మళ్లీ సీను అనే పిలుస్తడు. ఇంట్ల పెట్టి పోతే, నేనెవరో ఆయనకేం తెలుసు? మీరైతే ఎట్ల పోతరు?