ఫ్యానా, పాటా?

తిరువూరు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు మా పాత కారే వెళ్తుంది. మనుషుల నడకతో సమానంగా కదిలేటప్పుడు ఇంజను నెమ్మదిస్తుంది, దాని బెల్టుతో తిరిగే ఫ్యానూ నెమ్మదిస్తుంది, రేడియేటర్లో నీళ్లు మరుగుతాయి. అందుకని నిన్న మెకానిక్ మస్తాన్ ఆ ఫ్యాను విప్పి, బెజవాడ నుంచి తెచ్చిన కరెంటు ఫ్యాను బిగించాడు. అది బ్యాటరీ మీద తిరుగుతుంది.

ఈ రోజు పెనుగొలనులో కొత్త దంపతులను ఎక్కించుకుని బయల్దేరబోయాను. మైకతను వచ్చి తన రికార్డు ప్లేయరు వైర్లు కూడా మా బ్యాటరీకే తగిలించాడు. ఫ్యాను వేయగానే రికార్డు సాగిపోయి, పాట మూలుగులా వినబడింది. ఫ్యాను ఆపితే పాట బాగుంది గానీ, బానెట్‌లోంచి ఆవిరి లేచింది.

“ఏదో ఒకటి ఆపాలి మామ్మగారూ. ఫ్యానా, పాటా?” అని పెళ్లికూతురి నాయనమ్మను అడిగాను.

“పాట లేకుండా మా పిల్ల ఊరేగడమేంటి? ఇంజనాపెయ్యి నాయనా. మా మనవళ్లున్నారుగా, వాళ్ల బావని నెట్టుకెళ్తారు” అందావిడ.

నెట్టారు. కొత్త బెల్‌బాటం ప్యాంట్లు దుమ్ములో ఈడ్చుకుంటూ ఊరంతా నెట్టారు. పెళ్లికొడుకు వెనక్కి తిరిగి “ఇంకాస్త గట్టిగా” అంటూనే ఉన్నాడు. నేను దర్జాగా స్టీరింగు పట్టుకుని పాటలు విన్నాను.

సాయంత్రం షెడ్డుకెళ్తే, “ఏ ఫ్యాను ఉంచమంటారండీ?” అని మస్తాన్ అడిగాడు.

“బావమరుదులున్న పెళ్లికి ఏదీ అక్కర్లేదు. లేని పెళ్లికి ఏది మంచిదో నువ్వే చెప్పు” అన్నాను.

ఇంకా ఆలోచిస్తున్నాడు. ఈలోగా మీకేమైనా తోస్తే చెప్పండి. పెళ్లికొడుక్కి బావమరుదులెందరో ముందే కనుక్కోమని మాత్రం అనకండి, ఆ పని ఇప్పటికే మొదలుపెట్టాను.